రిపోర్టు కన్నా ముందు చేరాల్సిన కబురు

హైదరాబాద్‌లో చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీద గానీ, నారాయణగూడ చౌరస్తా దగ్గర గానీ, అశోక్‌నగర్ సందుల్లో గానీ కాస్త పెద్ద ల్యాబ్ ఏదైనా చూడండి. లోపలి గదిలో ఫోను పక్కన ఒక పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. కంప్యూటరు వచ్చినచోట అదే స్క్రీను మీద ఉంటుంది. తేదీ, టైము, పేషెంటు పేరు, పరీక్ష, వచ్చిన విలువ, ఎవరికి చెప్పాం, ఎన్నింటికి చెప్పాం, విన్నవాళ్లు తిరిగి చదివి వినిపించారా, చెప్పినవాళ్ల సంతకం. దీన్ని క్రిటికల్ కాల్ రిజిస్టరు అంటారు. పాతవాళ్లు ప్యానిక్ బుక్ అనేవారు. పొటాషియం 2.5 కన్నా తగ్గినా, 6.5 దాటినా, షుగరు 40కి దిగినా, 500కి ఎక్కినా, సోడియం 120 కిందికి జారినా, ప్లేట్‌లెట్లు 20 వేల లోపుకి పడిపోయినా, వెన్నునీటి స్లైడులో బ్యాక్టీరియా కనబడినా, ఆ కబురు ప్రింటు కోసం ఆగకూడదు. ముందు ఫోను, తర్వాత కాగితం. అంకెలు ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ కొంచెం అటూ ఇటూ అవుతాయి. పద్ధతి మాత్రం అదే.

నా ఉద్యోగమంతా ఈ మూడు పేటల్లోని ల్యాబుల్లో బయోకెమిస్ట్రీ బెంచి మీదే గడిచింది. ఈ రిజిస్టరు లేని రోజులు చూశాను, వచ్చిన రోజు చూశాను. మన ఊరి ఆసుపత్రుల చరిత్ర రాసినవాళ్లు ఉన్నారు. ఉస్మానియా గుమ్మటాల మీద, నిజాం నాటి దవాఖానాల మీద, క్లోరోఫాం కమిషన్ల మీద వ్యాసాలున్నాయి. ఒక ల్యాబ్‌లో తేలిన ప్రమాదకరమైన అంకె పేషెంటు మంచం దాకా ఎలా నడిచి వెళ్లిందన్నది ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట ఒక తేడా చెప్పాలి. పెద్దాసుపత్రిలో ల్యాబూ వార్డూ ఒకే ఆవరణలో ఉంటాయి. అర్జెంటు అని ఎర్ర సిరాతో రాసిన స్లిప్పు పట్టుకుని వార్డుబాయ్ పరిగెత్తుకొస్తాడు, జవాబు పట్టుకుని అదే మెట్ల మీద వెనక్కి వెళ్తాడు. సిస్టర్ ఉంటుంది, డ్యూటీ డాక్టరు ఉంటాడు, కేస్ షీటు ఉంటుంది. చిక్కడపల్లి అలాంటి చోటు కాదు. ఇక్కడ డాక్టరు ఒకచోట, పది పడకల నర్సింగ్‌హోమ్ ఇంకోచోట, ల్యాబ్ మరోచోట, పేషెంటు తన ఇంట్లో. ఈ నాలుగింటినీ కలిపేది ఒక కాగితం ముక్క. దాని మీద డాక్టరు పేరు గొలుసు అక్షరాల్లో ఉంటుంది, ఫోను నంబరు ఉండదు. 1980ల్లో విడి ల్యాబులు హైదరాబాద్‌లో ఒక్కొక్కటిగా పెరిగాయి. పేషెంటు పొద్దున పరగడుపున వచ్చి రక్తం ఇచ్చి వెళ్లేవాడు. సాయంత్రం ఆరింటికి కొడుకో అల్లుడో వచ్చి, టైపు కొట్టిన రిపోర్టు కవర్లో పెట్టించుకుని, డాక్టరు గారి సాయంత్రం క్లినిక్‌కి పట్టుకెళ్లేవాడు. అంటే మన దగ్గర రిపోర్టు చేరవేసేది ఇంటివాళ్లే. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత వచ్చిన నియమాలన్నీ దీన్ని చూడకుండా రాసినవే.

ప్యానిక్ విలువ అన్న ఆలోచన పుట్టింది అమెరికాలో. జార్జ్ లండ్‌బర్గ్ అనే పాథాలజిస్టు లాస్ ఏంజిలెస్ కౌంటీ ఆసుపత్రిలో ఈ పద్ధతి పెట్టి, 1972లో ల్యాబ్‌వాళ్లు చదివే ఒక పత్రికలో దాని గురించి రాశాడు. ప్రాణం మీదికి వచ్చే అంకెలు ఏవో ముందే జాబితా రాసి పెట్టుకోవాలి, అలాంటిది కనబడగానే ల్యాబ్‌వాళ్లే చొరవ తీసుకుని చికిత్స చేసే మనిషికి చెప్పాలి అన్నది ఆయన మాట. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. అప్పటిదాకా ల్యాబ్ పని అంకె తేల్చడంతో అయిపోయేది. అంకె చదువుకోవడం, చదివి కంగారు పడడం డాక్టరు వంతు. లండ్‌బర్గ్ ఆ గీత చెరిపేశాడు. 1981లో ఇంకో మాట కూడా అన్నాడు: పరీక్ష మొదలయ్యేది డాక్టరు బుర్రలో, ముగియాల్సింది కూడా డాక్టరు బుర్రలోనే; నడుమ రక్తం తీయడం, మోసుకెళ్లడం, పరీక్షించడం, చెప్పడం, అర్థం చేసుకోవడం అన్నీ ఒకే చుట్టు. ఆ చుట్టు ఎక్కడ తెగినా పరీక్ష చేయనట్టే. తర్వాత ఆయన చాలా ఏళ్లు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికకు సంపాదకుడిగా పనిచేశాడు, ఆ మాట ప్రపంచమంతా పాకింది.

మాకు అప్పట్లో ఆ పేరే తెలియదు. కానీ నాకు పని నేర్పిన పెద్దాయన అదే పని చేసేవారు. ఆయన జాబితా కాగితం మీద లేదు, కంట్లో ఉండేది. వరసగా రీడింగులు రాసుకుంటూ పోయే మనిషి ఒక్కచోట పెన్ను ఆపేవారు. ఆ ఆగడంతోనే మాకు తెలిసిపోయేది.

ఆ రోజుల్లో సోడియం, పొటాషియం ఫ్లేమ్ ఫొటోమీటరు మీద చూసేవాళ్లం. సీరాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో ఒకటికి నూరు పాళ్లు పలచన చేసి సన్నని గొట్టంతో లోపలికి పీల్పిస్తే, నీలంగా వెలిగే గ్యాస్ మంట రంగు మారుతుంది. సోడియం పసుపు పచ్చగా చిమ్ముతుంది. పొటాషియం లేత ఊదా, అది కంటికి దొరకదు, ఫిల్టరు వేసిన మీటరుకే దొరుకుతుంది. ఫ్యాను గాలికి మంట కదిలితే రీడింగు కదిలేది, అందుకని ఎండాకాలంలో కూడా ఆ గదిలో ఫ్యాను ఆపేవాళ్లం. ఒక రాత్రి తొమ్మిది దాటాక, ఒక నర్సింగ్‌హోమ్ నుంచి వచ్చిన కిడ్నీ పేషెంటు శాంపిల్‌లో పొటాషియం ఏడు దాటింది. పెద్దాయన వెంటనే ఫోను దగ్గరికి పోలేదు. ముందు సీరం ట్యూబును ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి చూశారు. గులాబీ రంగు తిరిగి ఉంటే ఎర్రకణాలు పగిలాయని అర్థం. వాటి లోపలి పొటాషియం బయటికి వచ్చి అంకె దొంగగా పెరుగుతుంది. రంగు లేదు, శుభ్రమైన గడ్డి రంగు. తర్వాత శాంపిల్ వచ్చిన సీసా తెప్పించారు. అప్పట్లో కడిగిన పెన్సిలిన్ సీసాలే మా శాంపిల్ సీసాలు. షుగరు కోసం వాటిలో పొటాషియం ఆక్సలేటు వేసి ఎండబెట్టేవాళ్లం. ఎవరైనా పొరపాటున ఆ సీసాలో రక్తం పోస్తే పొటాషియం ఆకాశానికి అంటుతుంది. సీసా సరైనదే. స్టాండర్డు మళ్లీ పెట్టి, శాంపిల్ మళ్లీ పలచన చేసి ఇంకోసారి చూశారు. అదే అంకె. అప్పుడు లేచారు.

ఫోనుకు తాళం ఉంది. ఆ కాలంలో ఫోను కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు, ఒక్కో కాల్‌కూ లెక్క. డయల్ చక్రంలో ఒక రంధ్రానికి చిన్న ఇత్తడి తాళం వేసి యజమాని తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోవడం చాలాచోట్ల మామూలే. మేం పనిచేసిన చోటా అంతే. పెద్దాయన రిసీవరు చెవికి పెట్టుకుని, ఫోను మీద రిసీవరు ఆనే ఆ తెల్ల మీటను వేలితో టకటకా నొక్కడం మొదలుపెట్టారు. మూడు అంకెకు మూడు నొక్కులు, ఏడుకు ఏడు, సున్నాకు పది. అంకెకూ అంకెకూ మధ్య ఒక్క ఊపిరి ఆగాలి. ఒక్క నొక్కు తప్పినా ఎవరింటికో పోతుంది. చక్రం తిప్పితే యంత్రం చేసే పనే అది, ఆయన వేలితో చేశారు. రెండోసారికి కలిసింది. సిస్టర్ ఎత్తింది. పేషెంటు పేరు, మంచం నంబరు, అంకె చెప్పి, డాక్టరు గారు లైన్లోకి వచ్చేదాకా రిసీవరు దించలేదు. పొటాషియం ఆ స్థాయికి చేరితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఇసిజి తీయాలి, గుండెకు కాపుగా కాల్షియం గ్లూకోనేటు ఎక్కించాలి, ఇన్సులిన్, గ్లూకోజు కలిపి ఇచ్చి పొటాషియాన్ని కణాల్లోకి నెట్టాలి. ఇదంతా చేయడానికి వాళ్లకు గంటలు ఉండవు. మర్నాడు పెద్దాయన యజమానితో ఒక్కటే మాట మాట్లాడారు. ఆ తర్వాత ఆ తాళం మళ్లీ పడలేదు.

ఫోను లేని డాక్టర్లూ ఉండేవారు, ఫోనున్నా ఇంట్లో దొరకని డాక్టర్లూ ఉండేవారు. అప్పుడు మనిషిని పంపడమే. మా అటెండర్లకు ఈ పేటల్లోని డాక్టర్ల దినచర్య కంఠతా వచ్చు. ఫలానా ఆయన సాయంత్రం త్యాగరాయ గానసభలో కచేరీకి కూర్చుంటారు, మూడో వరసలో. ఫలానా ఆయన శనివారం వెంకటేశ్వరస్వామి గుడిలో ఉంటారు. ఆదివారం రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా. ఒకసారి మా అటెండరు సైకిలు మీద ఒక థియేటరుకు వెళ్లి మేనేజర్‌ని బతిమాలి తెర మీద స్లైడు వేయించాడు, డాక్టరు గారు దయచేసి బయటికి రావాలని. ఆ కాలంలో థియేటర్లవాళ్లు ఈ సాయం చేసేవారు. చికిత్స అందడానికి ఒక పేట మొత్తం చేయి వేసేది. దాన్ని వ్యవస్థ అని ఎవరూ అనలేదు గానీ, అది వ్యవస్థే. దాని బలహీనత ఒక్కటే, అటెండరు సెలవు పెడితే ఆ రోజుకు అది లేనట్టే.

1990ల్లో వీధి వీధికీ ఎస్‌టీడీ బూత్‌లు వచ్చాయి, కనెక్షన్లు సులువయ్యాయి. 1995లో దేశంలోకి పేజర్లు వచ్చాయి, అదే ఏడు సెల్‌ఫోనూ వచ్చింది. పేజరు మా పనికి బాగా అక్కరకు వస్తుందనుకున్నాం. ఆపరేటరుకు ఫోను చేసి సందేశం చెబితే డాక్టరు నడుం దగ్గర టకటక మోగుతుంది. కానీ అవతలి మనిషి చదివాడో లేదో మనకు తెలియదు. ఒకవైపే వెళ్లే కబురు అది. మళ్లీ ఆయనే ఎక్కడినుంచో ఫోను చేసేదాకా మేం గడియారం చూస్తూ కూర్చునేవాళ్లం. సెల్‌ఫోన్ల తొలి రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్ ఎత్తినా చార్జీ పడేది. కొందరు డాక్టర్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ల్యాబ్ నంబరు నుంచి మిస్డ్ కాల్ ఒకటి వస్తే తీరికగా చూస్తారు, వెంటవెంటనే రెండు వస్తే ప్రాణం మీదిదని అర్థం, దగ్గర్లోని ల్యాండ్‌లైన్ నుంచి వెంటనే చేస్తారు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఆ రెండు మిస్డ్ కాల్స్ భాష పోయింది. ఆ ఏడాది నుంచి క్రిటికల్ కాల్స్ ఎంత సులువయ్యాయో బెంచి మీద కూర్చున్నవాళ్లకే తెలుసు.

మధ్యలో 2000 ఆగస్టు వాన ఉంది. 24వ తేదీన ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే నాలా దోమల్‌గూడ, అశోక్‌నగర్ మీదుగా పోతుంది, ఆ రెండు ఒడ్లూ మునిగాయి. ఫోన్లు మూగబోయాయి, కరెంటు పోయింది. ఇన్వర్టరు ఉన్నంతసేపు ఉన్న శాంపిళ్లు చూశాం. నాలా అవతల ఒక నర్సింగ్‌హోమ్‌లో ఉన్న ఒక ముసలాయన సోడియం బాగా పడిపోయింది. ఆ చీటీని ప్లాస్టిక్ సంచిలో చుట్టి జేబులో పెట్టుకుని మా కుర్రాడు క్రాస్‌రోడ్స్ మీదుగా చుట్టు తిరిగి నడిచి వెళ్లాడు. చేరాక తిరిగి వచ్చి చెప్పడానికీ దారి లేదు. తెల్లారాక వచ్చి డ్యూటీ డాక్టరు చేత చీటీ వెనక రాయించుకొచ్చిన టైము చూపించాడు. ఎవరూ చెప్పకపోయినా రాయించుకోవాలని ఆ అబ్బాయికి తోచింది.

ఇంత చెప్పాక అసలు విషయానికి వస్తాను. డాక్టరు దొరక్కపోతే? లేదా డాక్టరే లేకపోతే?

లండ్‌బర్గ్ చుట్టు డాక్టరు దగ్గర మొదలై డాక్టరు దగ్గర ముగుస్తుంది. అశోక్‌నగర్‌లో సగం స్లిప్పులు డాక్టరు దగ్గర మొదలు కావు. గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షకీ చదువుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ వేలల్లో ఉంటారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా కూర్చుంటారు, ఒక్కో గదిలో నలుగురు అయిదుగురు సర్దుకుంటారు. జ్వరం వస్తే డాక్టరు ఫీజు ఎందుకని నేరుగా ల్యాబ్‌కి వస్తారు. డాక్టరు పేరు రాయాల్సినచోట "సెల్ఫ్" అని రాస్తాం. ఒక వానాకాలం సాయంత్రం అలాంటి ఒక అబ్బాయి రక్తంలో ఫాల్సిపారం మలేరియా దండిగా కనబడింది. ఒక్కో ఎర్రకణంలో రెండేసి ఉంగరాలు, ప్లేట్‌లెట్లు కూడా బాగా తక్కువ. ఈ మలేరియా మెదడుకు ఎక్కితే గంటల్లో మనిషి స్పృహ తప్పుతాడు. స్లిప్పు మీదున్న నంబరుకు చేస్తే మహబూబ్‌నగర్ జిల్లాలో వాళ్ల నాయన ఎత్తాడు.

"సార్, మీ బాబు ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"హైదరాబాద్‌ల చదువుకుంటుండమ్మా. ఏమైంది?"

ఆయన గొంతులో వణుకు వినబడింది. ఏమైందో ఎంత చెప్పాలి? టెక్నీషియన్లకు రోగం పేరు చెప్పే అధికారం లేదు, మందు చెప్పే అధికారం అసలే లేదు. ఆ గీత మేం దాటకూడదు, దాటం కూడా. కానీ వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న తండ్రితో "డాక్టరును సంప్రదించండి" అని ఊరుకుంటే ఆ రాత్రి ఆ అబ్బాయి గదిలోనే పడుకుంటాడు. ఏళ్లు గడిచేకొద్దీ మేం కొన్ని మాటలు కుదుర్చుకున్నాం. "భయపడాల్సింది లేదు, కానీ ఆలస్యం చేయకూడదు. రక్తపరీక్షలో ఒకటి బాగా తేడాగా ఉంది. ఇవాళ రాత్రికే ఆసుపత్రిలో చేర్పించాలి, రేపటిదాకా ఆగొద్దు. రిపోర్టు మా దగ్గర రెడీగా ఉంది, డాక్టరుకు మేమే ఫోన్లో చెబుతాం. బాబు దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?" ఆ చివరి ప్రశ్నే ముఖ్యం. ఆ తండ్రి రూమ్మేటు నంబరు ఇచ్చాడు. రూమ్మేటు లైబ్రరీ నుంచి పరిగెత్తి వెళ్లి, ఇంకో ఇద్దరితో కలిసి ఆ అబ్బాయిని ఆటోలో గాంధీకి తీసుకెళ్లాడు. 2003లో గాంధీ ఆసుపత్రి సికింద్రాబాద్ నుంచి ముషీరాబాద్ పాత జైలు స్థలానికి మారడం మా పేటకు ఎంత మేలు చేసిందో అలాంటి రాత్రుల్లో తెలిసేది. 2005 ఆగస్టులో 108 అంబులెన్సు వచ్చాక ఇంకో ధైర్యం. ముసలివాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి ఫోను చేసినప్పుడు, "ఫోను పెట్టేసి 108కి చేయండి" అని చెప్పగలిగేవాళ్లం.

ఇంటివాళ్లకు చెప్పడం పద్ధతి తప్పని వాదించిన డాక్టర్లు ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. సగం విని బెంబేలెత్తి, ఒక ఆసుపత్రికి బదులు నాలుగు ఆసుపత్రులు తిరిగి డబ్బూ టైమూ పోగొట్టుకున్న కుటుంబాలను నేనే చూశాను. అయినా నా మాట ఇదే: మన విడి ల్యాబుల్లో పేషెంటు మనిషికి ఫోను చేయడం గత్యంతరం లేక చేసే పని కాదు, మొదటి నుంచీ ఉన్న దారే అది. రిపోర్టు ఎప్పుడూ వాళ్ల చేతుల మీదుగానే వెళ్లింది. ప్రమాదపు కబురు మాత్రం వాళ్లను తప్పించుకుని వెళ్లాలంటే ఎలా కుదురుతుంది? ఆ దారిని ఒప్పుకుని, దానికి తగ్గ మాటలు టెక్నీషియన్లకు నేర్పాలి.

ప్రభుత్వ ల్యాబ్ సంగతి వేరు. అక్కడ ప్రమాదం ఒక మనిషిది కాక ఒక పేటదై ఉండొచ్చు. నారాయణగూడలోని ఐపీఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు కుక్క కరిచినవాళ్లు సూదులకు వస్తారని ఊరందరికీ తెలుసు. తాగునీటి శాంపిళ్లు పరీక్షకు అక్కడికి వెళ్తాయని కొందరికే తెలుసు. 2009 మే నెలలో, మాకు కూతవేటు దూరంలోని భోలక్‌పూర్‌లో తాగునీటి గొట్టంలో మురుగు కలిసి జనం వాంతులు విరేచనాలతో పడిపోయారు, పలువురు చనిపోయారు. గాంధీ, నల్లకుంట కోరంటి దవాఖానా నిండిపోయాయి. అలాంటప్పుడు ల్యాబ్ అంకె వెళ్లాల్సింది ఒక డాక్టరు దగ్గరికి కాదు, వాల్వు కట్టేసే మనిషి దగ్గరికి. ఆలస్యమైన ప్రతి గంటకూ ఇంకో వీధి ఆ నీళ్లు తాగుతుంది. మా రిజిస్టరులో అలాంటి గడి లేదు. ఇప్పటికీ చాలా ప్రైవేటు ల్యాబుల్లో లేదు. కలరా గానీ డిఫ్తీరియా గానీ తేలితే డాక్టరుతోపాటు ఆరోగ్యశాఖకూ వెంటనే చెప్పాలన్నది ఎంతమందికి గుర్తుంటుంది?

కోరంటి దవాఖానా అసలు పేరులో రొనాల్డ్ రాస్ ఉన్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దోమలు కుట్టించుకోవడానికి ఒప్పుకున్న హుసేన్‌ఖాన్‌కు కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ సంగతి లండన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది డిసెంబరు 18న. నాలుగు నెలలు. అది ఒక పేషెంటు రిపోర్టు కాదు కనుక పోల్చకూడదు, నాకు తెలుసు. అయినా అశోక్‌నగర్ అబ్బాయి స్లైడు మీద ఉంగరాలు చూసినప్పుడు, ఇదే ఊళ్లో మొదలైన ఆ కథ ఇప్పుడు అరగంటలో ఒక తండ్రి చెవిన పడుతోందని నా మనసు నిండింది.

రిజిస్టరు మాకు వచ్చింది అంతర్జాతీయ ప్రమాణం ద్వారా. మెడికల్ ల్యాబుల కోసం ఐఎస్ఓ 15189 తొలి కూర్పు 2003లో వెలువడింది. మన దేశంలో ల్యాబులకు ఎన్ఏబీఎల్ అనే సంస్థ గుర్తింపు కావాలంటే దాన్ని పాటించాలి. ప్రమాదకర ఫలితం ఎవరికి, ఎప్పుడు, ఎవరు చెప్పారో రాసి ఉంచాలని అది అడుగుతుంది. ఆడిటర్లు వచ్చినప్పుడు ముందు అడిగే పుస్తకాల్లో ఇదొకటి. మొదట్లో కొందరు విసుక్కున్నారు, పని చేయాలా, రాసుకుంటూ కూర్చోవాలా అని. నాకు మాత్రం ఆ వాన రాత్రి చీటీ వెనక టైము రాయించుకొచ్చిన కుర్రాడు గుర్తొచ్చాడు. అతను చేసిందే ఇప్పుడు నియమం అయింది.

తిరిగి చదివించడం అన్న గడి గురించి రెండు మాటలు. అమెరికా ఆసుపత్రుల్లో 2000ల మొదట్లో ఇది నియమమైంది, అక్కడినుంచి ఇక్కడికి వచ్చింది. తెలుగులో దీని అవసరం మరీ ఎక్కువ. ఫోన్లో అరవై, ఇరవై ఒకేలా వినబడతాయి. ప్లేట్‌లెట్లు ఆరు వేలు అని మేం అంటే అరవై వేలు అని అవతల రాసుకోవచ్చు. ఆరు వేలంటే ఎప్పుడైనా రక్తస్రావం మొదలవుతుంది, అరవై వేలంటే రేపు మళ్లీ చూద్దాం అంటారు. అందుకని "ఆరు, సున్నా, సున్నా, సున్నా" అని అంకెలు విడివిడిగా చెబుతాం, అవతలి సిస్టర్‌ను అలాగే చదవమంటాం. రాత్రి రెండింటికి నిద్రలో లేచిన మనిషిని "మళ్లీ ఒకసారి చదవండమ్మా" అంటే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. డెంగీ సీజనులో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈడీటీఏ ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మిషను వాటిని లెక్కించలేక తప్పుడు తక్కువ చూపిస్తుంది. స్లైడు మీద స్మియరు చూడకుండా ఫోను ఎత్తకూడదు. పెద్దాయన ట్యూబును లైటుకు ఎత్తిపట్టినట్టే ఇదీ.

2018లో ఐపీఎం ఆవరణలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్ మొదలైంది. బస్తీ దవాఖానాల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో తీసిన రక్తం బండ్ల మీద అక్కడికి చేరుతుంది. పరీక్షలు ఉచితం. ఫలితం కంప్యూటరులో ఆ కేంద్రానికీ, పేషెంటు సెల్‌కీ వెళ్తుంది. మా కాలంలో ఊహించని సంగతి ఇది. కూలి పని చేసుకునే మనిషికి థైరాయిడ్, క్రియాటినిన్ డబ్బు లేకుండా తెలుస్తున్నాయి. అయితే దూరం మళ్లీ పెరిగింది. రక్తం తీసిన మనిషి, పరీక్ష చేసిన మనిషి ఒకరినొకరు చూడరు. బస్తీ దవాఖానా సాయంత్రం నాలుగింటికి మూస్తారు, మిషను ఫలితం రాత్రి ఇవ్వొచ్చు. ఆ చుట్టులో చివరి కొస మళ్లీ పేషెంటు చేతిలోని ఫోనే.

ప్రైవేటు ల్యాబుల్లోనూ ఇప్పుడు వాట్సాప్‌లో పీడీఎఫ్ వెళ్లిపోతుంది. పంపాం, రెండు నీలం టిక్కులు పడ్డాయి, చూశారు అని కొత్తగా చేరిన పిల్లలు రాసేస్తున్నారు. చూడడం వేరు, తెలియడం వేరు. ఆ పీడీఎఫ్ తెరిచింది తొమ్మిదో తరగతి పిల్లవాడై ఉండొచ్చు, ఎర్ర అక్షరాల్లో ఉన్న అంకెను ఎవరికీ చెప్పకుండా ఫోను పక్కన పెట్టి ఉండొచ్చు. మనిషి గొంతు వినబడి, మనిషి గొంతు తిరిగి చదివేదాకా ఆ గడి ఖాళీగానే ఉంచాలని నేను నేర్పిన పిల్లలందరికీ చెప్పాను. మూడుసార్లు చేసినా ఎత్తకపోతే ఏం చేయాలన్నది కూడా రాసి ఉండాలి: ఇంకో నంబరు, క్లినిక్ పక్కన మెడికల్ షాపు, అవసరమైతే దగ్గర్లోని కలెక్షన్ అబ్బాయిని బండి మీద ఇంటికి పంపడం.

ఈ మధ్య నేను తరచూ వెళ్లే అశోక్‌నగర్ ల్యాబ్‌లో కౌంటరు అమ్మాయిల చేత ఒక పని మొదలుపెట్టించాను. "సెల్ఫ్" అని రాసే ప్రతి స్లిప్పు మీద రెండో నంబరు తీసుకోవాలి. ఇంటి నంబరు కాదు, రాత్రి పక్కన పడుకునే మనిషిది. పిల్లలు మొదట ఎందుకని అడుగుతారు. "రాత్రి ఏదైనా అయితే ఎవరిని లేపాలి?" అని అడిగితే వెంటనే చెబుతారు. రూమ్మేటు, హాస్టల్ వార్డెను, కింద టిఫిన్ సెంటరు అన్న. డాక్టరు రాసిచ్చిన స్లిప్పులకైతే క్లినిక్ నంబరుతో పాటు ఆయన రాత్రి నంబరు అడుగుతున్నాం. ఇచ్చేవారు ఇస్తున్నారు. ఇవ్వని వారి జాబితా ఒకటి తయారవుతోంది, వాళ్ల దగ్గరికి వచ్చే వారం నేనే వెళ్లి అడుగుతాను.